ట్రైలోబైట్‌ను గుర్తుపట్టడం: ముందు తల, ఆ తర్వాతే తోక

ట్రైలోబైట్ ఎప్పుడో అంతరించిన సముద్ర జీవి. రాళ్లలో దొరికే దాని ముక్కల్లో చాలా భాగం కుబుసాలే. రొయ్య, పీత లాగే ఇదీ ఆర్థ్రోపోడా, అంటే కీళ్ల కాళ్ల జీవుల, వర్గానికి చెందినది. పెరగాలంటే పాత పెంకు వదిలెయ్యాల్సిందే. ఒక్క జంతువు బతికినన్నాళ్లూ ఇలా ఎన్నో పెంకులు విడిచేది. అవి సముద్రం అడుగున తల ఒకచోట, బుగ్గలు ఒకచోట, తోక ఇంకోచోట చెదిరిపోయేవి. అందుకే నిండు ట్రైలోబైట్‌కు మ్యూజియంలో అంత విలువ, పొలుసుల్లాంటి ముక్కలతో నిండిన రాతి పలకకు పరిశోధకుల దగ్గర అంత పని. ఏ ముక్క ఎంతవరకు నమ్మదగ్గ సాక్ష్యం అన్నది తెలియకుండా వర్గీకరణకు దిగితే ఒక జాతి తలకు మరో జాతి తోక అతుకుతాం. పాత గ్రంథాల్లో ఇలాంటి అతుకులు చాలానే ఉన్నాయి.

ట్రైలోబైటా ఒక విభాగం. 1771లో యోహాన్ వాల్క్ ఈ పేరు పెట్టాడు. దాదాపు 52.1 కోట్ల ఏళ్ల కిందటి కేంబ్రియన్ యుగపు రాళ్లలో మొదటిసారి కనిపించి, 25.2 కోట్ల ఏళ్ల కిందట పెర్మియన్ చివరి మహావినాశనంలో ఆఖరి జాతులు పోయాయి. ఇప్పటికి 20 వేలకు పైగా జాతులను వర్ణించారు. కెనడాలోని చర్చిల్ దగ్గర దొరికిన ఐసోటెలస్ రెక్స్ పొడవు 70 సెంటీమీటర్లు దాటింది. అకాంథోప్లూరెల్లా వంటివి ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించవు. అన్నీ సముద్ర జీవులే. మంచినీటి పొరల్లో ట్రైలోబైట్ దొరకదు.

పై పెంకును నిలువునా చూస్తే మూడు పట్టీలు: మధ్యలో ఉబ్బెత్తు అక్షం, అటూ ఇటూ ప్లూరాలు. అడ్డంగా చూస్తే కూడా మూడు భాగాలు: తల కవచం సెఫలాన్, నడుమ ఖండితాల (కణుపుల్లాంటి విడి భాగాల) థొరాక్స్, వెనక ఖండితాలు కలిసిపోయి ఏర్పడిన పైజీడియం. పెంకు కాల్సైట్‌తో గట్టిపడింది కాబట్టే ఇన్ని శిలాజాలు మిగిలాయి. పై కవచం అంచు కిందికి మడిచినట్టు కొంత దూరం పొట్టవైపు వస్తుంది. దాన్ని డబ్లూర్ అంటారు. నోటి ముందుండే హైపోస్టోమ్ అనే పలకను, దాని చుట్టుపక్కల పలకలను మినహాయిస్తే పొట్టవైపు కాల్సైట్ లేదు. కాళ్లు, మొప్పలు, స్పర్శశృంగాలు మెత్తనివి. అవి నిలవడం అరుదు. వర్గీకరణ కష్టాలు చాలావరకు ఇక్కడే మొదలయ్యాయి. ఆర్థ్రోపోడుల బంధుత్వాలు కాళ్లను చూసి తేలుస్తారు. ఇక్కడ కాళ్లు లేవు, పెంకు ఒక్కటే ఉంది.

తల మధ్యలో ఉబ్బిన భాగం గ్లాబెల్లా. కింద జీర్ణాశయం ఇక్కడే ఉండేదని భావిస్తారు. గ్లాబెల్లా మీద అడ్డంగా జతలు జతలుగా నొక్కులు ఉంటాయి. వాటిని వెనక నుంచి ముందుకు లెక్కపెట్టాలి. అన్నిటికంటే వెనక, మెడ దగ్గరి పట్టీ ఆక్సిపిటల్ వలయం, దాన్ని ఎల్0 అని రాస్తారు. దాని ముందు ఎస్1, ఎస్2 నొక్కులు. ముందు నుంచి లెక్కిస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే ముందరి నొక్కులే ముందుగా చెరిగిపోతాయి. గ్లాబెల్లాకు రెండు పక్కలా బుగ్గలు. బుగ్గ వెనక మూలలో చాలా జాతులకు ఒక ముల్లు ఉంటుంది.

బుగ్గను రెండుగా చీల్చే గీతే ముఖ సూచర్. కుబుసం విడిచేటప్పుడు పెంకు ఈ అతుకు వెంట విచ్చుకునేది. లోపలి భాగం గ్లాబెల్లాకు అంటుకునే ఉంటుంది, అది స్థిర బుగ్గ. బయటి భాగం ఊడిపోతుంది, అది విడి బుగ్గ. గ్లాబెల్లా, స్థిర బుగ్గలు కలిసిన ముక్క క్రానిడియం. కేంబ్రియన్ పలకల్లో విరివిగా కనిపించేది ఇదే. కన్ను ఈ అతుకు మీదే కూర్చుంటుంది: కంటి పైరెప్ప లాంటి అంచు క్రానిడియంతో ఉండిపోతుంది, కటకాల ఉపరితలం విడి బుగ్గతో పోతుంది.

అతుకు వెనక కొస ఎక్కడ తేలిందన్నదే మొదట చూడవలసిన సంగతి. బుగ్గ మూలకు లోపలివైపుగా, తల వెనక అంచును తాకితే ఒపిస్తోపేరియన్. అప్పుడు బుగ్గ ముల్లు విడి బుగ్గతో పాటు ఊడిపోతుంది, క్రానిడియానికి ముల్లు ఉండదు. మూలకు ముందుగా, పక్క అంచును తాకితే ప్రోపేరియన్. ముల్లు క్రానిడియంతోనే ఉంటుంది. సరిగ్గా మూలనే కోస్తే గోనటోపేరియన్, కాలిమీన్ దీనికి మంచి ఉదాహరణ. ఒలెనెల్లస్ బంధువులకు ముఖ సూచర్ అసలే లేదు. ఫాకాప్స్‌లో గీత ఉన్నా అతుక్కుపోయింది, విచ్చుకోదు. అది కుబుసం విడిచేటప్పుడు మెడ దగ్గర తలను మొత్తంగా ఊడదీసుకుని ముందుకు పాకేది. తల వెల్లకిలా తిరగబడి, మిగతా పెంకు మామూలుగా పడి ఉన్న ఫాకాప్స్ కనిపిస్తే అది కుబుసమేనని తేల్చుకోవచ్చు.

1897లో చార్లెస్ బీచర్ ఈ అతుకు ఒక్కటే ఆధారంగా ట్రైలోబైట్లను మూడు క్రమాలుగా విడగొట్టాడు: హైపోపేరియా, ఒపిస్తోపేరియా, ప్రోపేరియా. చూడ్డానికి చక్కగా ఉన్న పథకం, నిలబడలేదు. ప్రోపేరియన్ అతుకు వేర్వేరు వంశాల్లో విడివిడిగా పుట్టిందని తర్వాత తేలింది. హైపోపేరియాలో చేర్చినవి కళ్లు పోగొట్టుకున్న లేదా బాగా తగ్గిపోయిన, ఒకదానితో ఒకటి సంబంధం లేని గుంపులు. అయినా బీచర్ చూపిన చోటు సరైనదే. అతుకుకు తోడుగా ఇంకో రెండు సాక్ష్యాలు కావాలి: హైపోస్టోమ్, పసి రూపం.

హైపోస్టోమ్ మీద 1990లో రిచర్డ్ ఫోర్టీ చేసిన పని నేటి వర్గీకరణకు వెన్నెముక. ఆయన మూడు స్థితులు గుర్తించాడు. పలక ముందు కొస తల డబ్లూర్‌కు అతుక్కుని, పైనున్న గ్లాబెల్లా ముందంచుతో సరిసమానంగా ఉంటే కాంటర్మినెంట్. డబ్లూర్‌తో సంబంధం తెగి, మెత్తటి పొరలో వేలాడుతూ గ్లాబెల్లా ముందంచు కిందనే ఉంటే నేటెంట్. డబ్లూర్‌కు అంటుకునే ఉన్నా గ్లాబెల్లా అంచుతో సరిపోలకుండా జరిగిపోతే ఇంపెండెంట్. ఇది తిండికి సంబంధించిన సంగతి కూడా. గట్టిగా అతుక్కుని వెనక చివర రెండుగా చీలిన ఐసోటెలస్ హైపోస్టోమ్ పెద్ద ఆహారాన్ని పట్టి చీల్చడానికి పనికొస్తుంది. వేలాడే పలకలున్నవి బురదలోని సూక్ష్మ పదార్థాన్ని ఏరుకుని తినేవని అంచనా. చిక్కేమిటంటే నేటెంట్ పలక కుబుసంతోపాటే ఊడి కొట్టుకుపోతుంది. పలక లేకపోవడమే ఒక చిన్న సూచన, రుజువు మాత్రం కాదు.

కళ్ల విషయంలో ట్రైలోబైట్లకు సాటి లేదు, కటకాలు కాల్సైట్‌వి. హోలోక్రోయల్ కంట్లో సన్నటి కటకాలు ఒకదానికొకటి ఆనుకుని, అన్నిటి మీదా ఒకే కార్నియా కప్పి ఉంటుంది. కొన్ని జాతుల్లో ఇవి వేల సంఖ్యలో ఉంటాయి. స్కైజోక్రోయల్ కంట్లో కటకాలు పెద్దవి, విడివిడిగా ఉంటాయి, ఒక్కోదానికి సొంత కార్నియా, మధ్యలో గట్టి గోడ. ఈ రకం ఫాకోపినా ఉపక్రమంలోనే ఉంది. చేతి భూతద్దంతో చూసినా నిలువు వరసల్లో గుండ్లు పేర్చినట్టు కనబడుతుంది కాబట్టి, క్రమాన్ని ఒక్క చూపులో చెప్పగలిగే అరుదైన లక్షణం ఇది. 1975లో యూవన్ క్లార్క్‌సన్, రికార్డో లెవీ-సెట్టి ఈ కటకాల లోపలి వంపు 17వ శతాబ్దంలో డెకార్ట్, హైగెన్స్ గీసిన కటకాల ఆకారాలతో సరిపోతుందని చూపారు. ఇయోడిస్సిడ్లు అనే చిన్న ట్రైలోబైట్లలో కనిపించే కన్ను అబాథోక్రోయల్, మూడో రకం.

థొరాక్స్‌లో ఖండితాల సంఖ్య ఆగ్నోస్టిడ్లు అనే అతి చిన్న రకాల్లో 2, దక్షిణ ఆస్ట్రేలియాలో దొరికిన బాల్కొరకానియాలో 103. ప్రతి ఖండితం అక్ష వలయం ముందు అర్ధ వలయం ఒకటి ముందరి ఖండితం కిందికి దూరి ఉంటుంది. శరీరం వంగినప్పుడు ఖాళీ పడకుండా కప్పేది అదే. దీనివల్లే చాలా జాతులు తాకితే ముడుచుకునే రోకలిబండలా చుట్టుకుని, తల అంచును తోక అంచుకు బిగించుకునేవి. ఖండితాల లెక్క గుర్తింపులో ఉపయోగపడుతుంది గానీ అతిగా నమ్మకూడదు. బొహీమియా (నేటి చెక్ దేశం) సైలూరియన్ యుగపు రాళ్లలోని ఆలకోప్లూరా కోనింకీ అనే ఒకే జాతిలో పెద్ద జంతువులకు 18 నుంచి 22 వరకు ఖండితాలు ఉన్నాయి.

పైజీడియం మాట కొస్తే, తలతో పోల్చి దాని కొలత చెప్పడం మంచిది: బాగా చిన్నదైతే మైక్రోపైగస్, సమానమైతే ఐసోపైగస్, పెద్దదైతే మాక్రోపైగస్. ముళ్లు, అంచు ఆకారం జాతిని, ప్రజాతిని తేల్చడానికి పనికొస్తాయి. క్రమం తేల్చడానికి పనికిరావు. తోక ముళ్లు చూసి బంధుత్వం చెప్పేవాళ్లు మొదట బోల్తా పడేది ఇక్కడే.

కాళ్ల గురించి తెలిసినది కొద్ది చోట్ల నుంచే. న్యూయార్క్ రాష్ట్రంలోని బీచర్ పొరలో ట్రియార్థ్రస్ శరీరం మెత్తని భాగాలతో సహా పైరైట్‌గా (ఇనుము, గంధకం కలిసిన ఖనిజంగా) మారింది. కెనడాలోని బర్జెస్ షేల్‌లో ఒలెనాయిడెస్ సెరాటస్ కాళ్లతోపాటు వెనక ఒక జత సెర్సైలు (తోక కొసన ఉండే స్పర్శశృంగాల్లాంటివి) కూడా నిలిచాయి. తలకు ముందు ఒక జత స్పర్శశృంగాలు. వాటి వెనక తల కింద సాధారణంగా మూడు జతల ఉపాంగాలు. ఆ తర్వాత ప్రతి ఖండితానికీ ఒక జత. స్పర్శశృంగాలు తప్ప అన్నీ రెండు కొమ్మలవే, లోపలిది నడిచే కాలు, బయటిది దారపు పోగులున్న మొప్ప. బయటి కొమ్మ ఈత తెడ్డా, మొప్పా అన్న వాదం చాలాకాలం సాగింది. 2021లో ట్రియార్థ్రస్ పోగుల నిర్మాణం దగ్గరగా పరిశీలించాక మొప్పే అన్న వైపు గట్టిపడింది. కాళ్ల మొదళ్లలో ముళ్ల అంచులుండి, ఆహారాన్ని నలిపి ముందుకు నోటివైపు నెట్టేవి. పీతలకున్నట్టు విడిగా దవడలు లేవు. కాళ్లు అన్నీ ఒకే మూసలో ఉండడం వల్ల, దొరికినా క్రమాలను విడదీయడానికి అవి పెద్దగా సాయపడలేదు.

పసి రూపాలే అసలు సాయం చేశాయి. గట్టిపడిన మొదటి దశ ప్రోటాస్పిస్, మిల్లీమీటరుకు మించని ఒకే పలక. తల, తోక విడిపోయి మధ్య కీలు ఏర్పడితే మెరాస్పిస్. ఈ దశలో కొత్త ఖండితాలు తోక పలకలో పుట్టి, కుబుసం విడిచే కొద్దీ థొరాక్స్‌లోకి విడుదలవుతాయి. ఖండితాలన్నీ విడుదలై ఆగిపోతే హోలాస్పిస్. ఈ వరుసను మొదట బొహీమియాలో జోయాకిమ్ బరాండ్ సావో హిర్సూటా మీద 1852లో చూపాడు. అయితే సున్నపురాయిలో కాల్సైట్ పెంకు ఉంటే ఆమ్లం రెండింటినీ కరిగిస్తుంది, పసి రూపాలను బయటికి తీయలేం. వర్జీనియాలోని ఆర్డోవిషియన్ సున్నపురాళ్లలో పెంకులు సిలికాగా మారాయి. హారీ విటింగ్టన్, విలియం ఎవిట్ 1950ల్లో ఆ రాళ్లను ఆమ్లంలో కరిగించి, ముళ్లు కూడా విరగని పసి పెంకులను తీసి వర్ణించారు. పెద్దయ్యాక పోలికే లేని గుంపులు పసిదశలో ఒకేలా ఉండడం, పెద్దయ్యాక కవలల్లా కనిపించేవి పసిదశలో వేరుగా ఉండడం అక్కడ తేలింది.

ఈ మూడు సాక్ష్యాలతో ఇవాళ ఎక్కువమంది వాడే క్రమాలు పది దాకా ఉన్నాయి. రెడ్లిచీడా కేంబ్రియన్‌కే పరిమితం: అనేక ఖండితాలు, చిన్న తోక, పెద్ద చంద్రవంక కళ్లు. కొరినెక్సోకీడాలో హైపోస్టోమ్ అతుక్కుని ఉంటుంది, గ్లాబెల్లా తరచు ముందుకు విశాలమవుతుంది. లైకీడా, ఒడాంటోప్లూరీడా రెండూ బుడిపెలు, ముళ్ల మయం. ఫాకోపీడా కింద మూడు ఉపక్రమాలు: పెద్ద కటకాల ఫాకోపినా, గోనటోపేరియన్ కాలిమినీనా, చాలావరకు ప్రోపేరియన్ కైరూరీనా. అసాఫీడాకు పొట్టవైపు డబ్లూర్ మధ్య నిలువు అతుకు, ఉబ్బిన ప్రోటాస్పిస్ గుర్తులు. ప్రోయెటీడా ఒపిస్తోపేరియన్, చిన్నవి, సాదా ఆకారం. ఎవరూ గొప్పగా చూడని ఈ గుంపే డెవోనియన్ చివరి విలయాలు దాటి పెర్మియన్ వరకు ఒంటరిగా నిలిచింది. డెవోనియన్ తర్వాతి రాయిలో ట్రైలోబైట్ దొరికితే క్రమం గురించి ఆలోచించనక్కర్లేదు, ప్రోయెటీడాయే.

హార్పెటీడాకు తల చుట్టూ గుర్రపు నాడా ఆకారంలో సూక్ష్మ రంధ్రాల అంచు. ట్రైన్యూక్లియస్ బంధువులకూ దాదాపు ఇదే అంచు ఉంది. రెండిటినీ కలిపెయ్యడం సులువైన పొరపాటు. ఖండితాలు చూడండి: ట్రైన్యూక్లియిడ్లకు ఆరు మామూలు, హార్పెటిడ్లకు పన్నెండు, అంతకంటే ఎక్కువ. ట్రైన్యూక్లియిడ్లను ఫోర్టీ అసాఫీడాలో ఉంచాడు; 2020లో పసి రూపాలను మళ్లీ పరిశీలించినవాళ్లు వాటికి ట్రైన్యూక్లీడా అని వేరే క్రమం ఇచ్చారు. నున్నటి తలలతో కూడా ఇలాంటి మోసమే జరుగుతుంది. ఇల్లీనస్, నైలియస్ రెండింటిలో గ్లాబెల్లా నొక్కులు చెరిగిపోయి పెంకు నున్నబడింది, కానీ మొదటిది కొరినెక్సోకీడా, రెండోది అసాఫీడా. నున్నటి తల చేతికొస్తే గ్లాబెల్లా వదిలేసి తిరగేసి డబ్లూర్ చూడాలి.

మిగిలింది టైకోపేరీడా. నిజం చెప్పాలంటే ఇది క్రమం పేరు తగిలించుకున్న గంప. మిగతా క్రమాల ప్రత్యేక లక్షణాలేవీ లేని కేంబ్రియన్ జాతులను ఇందులో వేశారు. యూటా రాష్ట్రంలో విరివిగా దొరికి బజారుకు వచ్చే ఎల్రాథియా కింగీ ఇందులోదే. ఒకే పూర్వికుడి సంతతి మొత్తం ఇందులో లేదని అందరికీ తెలుసు. విడగొట్టడానికి సరిపడా లక్షణాలు లేక అలాగే వాడుతున్నారు.

ఆగ్నోస్టీడా తగాదా వేరు. కొన్ని మిల్లీమీటర్ల శరీరం, తల తోక ఒకే సైజు, రెండు లేక మూడే ఖండితాలు, ఇందులోని ఆగ్నోస్టీనా ఉపక్రమానికి కళ్లు లేవు. 1987లో స్వీడన్ ఓర్‌స్టెన్ రాళ్లలోని ఆగ్నోస్టస్ పైసిఫార్మిస్ కాళ్లను వర్ణించినప్పుడు అవి ట్రైలోబైట్ కాళ్ల కంటే క్రస్టేషియన్ల వైపు మొగ్గాయి. 2019లో బర్జెస్ షేల్ పెరొనాప్సిస్‌లలో మెత్తని భాగాలు పరిశీలించి, ఇవి ట్రైలోబైట్లకు అతి దగ్గరి బంధువులేనని వాదించారు. విభాగం గీత ఎక్కడ గీస్తామన్నదాన్ని బట్టి ఇవి లోపలో బయటో పడతాయి. ఈలోగా కేంబ్రియన్ కాలమానం చాలావరకు వీటి మీదే నడుస్తోంది: అందులోని పైబియన్ దశ మొదలు గ్లిప్టాగ్నోస్టస్ రెటిక్యులేటస్ తొలిసారి కనిపించిన చోటే.

కాలమానంలో మన దేశం పేరూ ఉంది. కేంబ్రియన్‌లోనే మయోలింగియన్ శ్రేణి, వూలియువాన్ దశ మొదలును 2018లో చైనాలోని గుయిజౌలో ఖాయం చేశారు. దానికి గుర్తుగా ఎంచుకున్న ట్రైలోబైట్ ఓరిక్టోసెఫాలస్ ఇండికస్. ఆ జాతిని 1910లో కూపర్ రీడ్ హిమాచల్‌లోని స్పితి నమూనాల మీద వర్ణించాడు. అయితే హిమాలయాల రాళ్లు నలిగిన రాళ్లు. ఒకే జాతి ఒక పలకలో సన్నగా పొడవుగా, పక్క పలకలో పొట్టిగా వెడల్పుగా, ఇంకోదానిలో పక్కకు వాలి కనిపిస్తుంది. ఆ తేడాలకే వేర్వేరు పేర్లు పెట్టడం జరిగింది. 1992లో నైజెల్ హ్యూస్, పీటర్ జెల్ కాశ్మీర్ ట్రైలోబైట్ల మీద కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో ఆ వక్రతను తిప్పి సరిచేసే పద్ధతి వాడారు. నిడివి, వెడల్పుల నిష్పత్తితో జాతిని నిర్ణయించే ముందు ఒకే పలక మీద వేర్వేరు దిక్కులకు తిరిగి ఉన్న నమూనాలను పోల్చి చూడడం కనీస జాగ్రత్త.

తెలుగు నేల మీద ఎందుకు దొరకవన్న ప్రశ్నకు జవాబు రాళ్ల వయసులోనే ఉంది. ఇళ్లకు పరిచే బేతంచర్ల బండ, తాండూరు బండ సున్నపురాళ్లే, సముద్రంలో ఏర్పడినవే, కానీ ట్రైలోబైట్లు పుట్టకముందివి. కడప పొరల్లో స్ట్రోమటోలైట్లు కనిపిస్తాయి, అవి సూక్ష్మజీవులు కట్టిన పొరలు. బండ చీల్చినప్పుడు కనిపించే చెట్టుకొమ్మల ముద్రలు మాంగనీసు ఆక్సైడ్ మరకలు. ఇటు గోదావరి లోయ బొగ్గు పొరలు పెర్మియన్‌వే, అప్పటికి ట్రైలోబైట్లు ఇంకా ఉన్నాయి. అయితే అవి నదులు, చిత్తడి నేలలు పేర్చిన పొరలు.

నమూనా చేతికొచ్చాక అతుకు గీత కనబడాలంటే రంగు తీసెయ్యాలి. పలచని నల్ల ఇంకు పూసి ఆరనిచ్చి, గాజు గొట్టంలో అమోనియం క్లోరైడ్ వేడిచేసి ఆ తెల్లటి పొగను పలచగా పట్టిస్తారు. కాంతిని ఎడమ పైమూల నుంచి వాలుగా వేసి ఫొటో తీయడం ఆనవాయితీ. పూత మందమైతే సన్నటి బుడిపెలు పూడిపోతాయి. గాలిలో తేమ ఎక్కువుంటే పూత చెమర్చి గడ్డకడుతుంది. పొగ పీల్చకూడదు, పని అవగానే కడిగెయ్యాలి, ఎందుకంటే తేమతో కలిస్తే అది ఆమ్ల గుణం చూపి కాల్సైట్‌ను తింటుంది. పైరైట్ నమూనాలకు మాత్రం నీళ్లు తగలకూడదు, అవి పొడిపొడి అవుతాయి.

ఆన్‌లైన్‌లో అమ్మే మొరాకో ట్రైలోబైట్లలో నకిలీలు చాలా ఉన్నాయి. వాటిని పట్టిచ్చేదీ ఇదే శరీర నిర్మాణం. ఫాకాప్స్ పేరుతో అమ్మేదానికి కంట్లో కటకాల వరసలు లేకుండా నున్నగా ఉంటే అది రెసిన్ పోత. అసలు నమూనా రాయి పగిలినప్పుడు బయటపడుతుంది కాబట్టి అతికించిన పగులు రాయిలోంచీ శిలాజంలోంచీ ఒకే గీతగా సాగుతుంది. నకిలీలో రాయి దగ్గరే ఆగిపోతుంది. గాలి బుడగల చిన్న గుంతలు, తల ఒక జాతి తోక ఒక జాతి, ఎడమ కుడి ఖండితాల సంఖ్య తేడా కూడా చూడాలి. అసిటోన్ అద్దిన దూదికి నలుపు అంటితే రంగు వేశారని అర్థం. కనపడని మూల పెంకు మీద వేడి సూది మొన ఆనిస్తే కాల్సైట్‌కు ఏమీ కాదు, రెసిన్ అయితే కరిగి వాసన వస్తుంది. ఇంత చూసినా ఒక రకం తప్పించుకోవచ్చు: అసలు పెంకుకే విరిగిన ముళ్లను రెసిన్‌తో కట్టి అమ్మేవి. వాటికి అతినీలలోహిత దీపం కింద వెలుగు తేడాను, ముల్లు మొదట్లో బుడిపెల వరుస తెగిందా అన్నదాన్ని కలిపి చూడాలి.